నలభై రెండో ఆకు

తూర్పున వెండికొండలు, పడమర ఎర్రమట్టి బయళ్లు, నడుమ నీలహ్రదం. ఆ సరస్సు ఒడ్డున శంఖపురం. ముత్యపు చిప్పలు తాపిన గోడలు, నీటిపక్షులు చెక్కిన వాకిళ్లు, ఏడంతస్తుల మేడలు. పొద్దుపొడుపు వేళ ఆ మేడలన్నీ నీళ్లలో వణుకుతూ మెరిసేవి. చేపలవాళ్లు తెడ్లు ఎత్తి ఆ మెరుపు చెదరకుండా కాసేపు ఆగేవారట.

ఆ వైభవం పోయి మూడేళ్లయింది. మూడేళ్లుగా చినుకు లేదు. పడవలు బురద ఎండిన నేల మీద పక్కకి ఒరిగి పడి ఉన్నాయి. సరస్సు నడిబొడ్డున ఒక్క మడుగు మాత్రం నల్లగా, లోతుగా మిగిలింది. దానికి కూతవేటు దూరంలో, ఒకప్పుడు నీళ్ల మీద తేలుతున్నట్టుండే గ్రంథకోట, ఇప్పుడు అడుగు దాకా బయటపడి ఎండలో నిలబడి ఉంది.

ఆ ఉదయం ఎండిన నేల మీదుగా ఒక ముసలివాడు తలపాగా చుట్టి, నూనె కుండ చంకన పెట్టుకుని కోట వాకిలి దగ్గరికి వచ్చాడు. తాటాకు గ్రంథాలకు పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాసే పనివాళ్లు ఏడాదికి నాలుగుసార్లు అలాగే వస్తారు. కాపలావాడు కుండలోకి తొంగి చూశాడు, నడుముకు చుట్టుకున్న తాడును చూశాడు, చివరికి గడ్డం దగ్గర ఆగాడు.

"తాతా, ఆ నూనె కాస్త నీ గడ్డానికి కూడా రాసుకో. ఎండుగడ్డి నయం."

"రాసుకుంటే ఈగలు వాలతాయి నాయనా. ఉన్న ఒక్క గడ్డాన్నీ వాటికి ఇవ్వలేను."

కాపలావాడు నవ్వి దారి ఇచ్చాడు. పని తొందరగా ముగించమని, మిట్టమధ్యాహ్నానికల్లా అందరూ మడుగు దగ్గర ఉండాలని, యువరాజును నీటికి ఇచ్చేది అప్పుడేనని చెప్పాడు. చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

ముసలివాడు తలొంచుకుని లోపలికి నడిచాడు. తాటిపీచుతో కట్టిన ఆ గడ్డం వెనక ఉన్నది ఇరవై రెండేళ్ల చెంగల్వ.

చెంగల్వది తాళ్లవాడ. ఆమె తండ్రి, తాత, ముత్తాత అందరూ తాటిచెట్లు ఎక్కినవాళ్లే. గ్రంథాలకు ఆకు కోసి ఇచ్చేది వాళ్లు. ఆ ఆకు మీద గీసిన అక్షరం చదివే హక్కు మాత్రం వాళ్లకు లేదు. నీలహ్రద రాజ్యానికి ప్రాణమైన జలగాథను తాళ్లవాడ మనిషి నోట పలకకూడదని కట్టుబాటు. చెంగల్వ అక్షరాలు నేర్చింది చెట్టు తలమీద, మట్టల మధ్య కూర్చుని, పెదవి కదపకుండా. వాడలో అక్షరం తెలిసిన మొదటి మనిషి ఆమె. యువరాజు మిహిరసేనుడు ఒకనాడు వేటకు పోతూ ఆ సంగతి కనిపెట్టి, తండ్రితో పోట్లాడి కట్టుబాటు సడలించి, ఆమెను కొలువులో లేఖకురాలిగా నిలబెట్టాడు. ఆరేళ్లుగా ఆమె చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

తప్పు పది రోజుల కిందట జరిగింది. కరువుకు విరుగుడు జలగాథలో ఏముందో వెతికి చదవమని చిత్రభాను మహారాజు కొలువులో అడిగాడు. రాజగురువు స్థానంలో కూర్చున్న మాంత్రికుడు అభ్రకేతుడు నాలుగో కట్టలో నలభై రెండో ఆకు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గొంతు సవరించుకుని చదివింది. తొలి రాజు కాలంలో ఇలాంటి కరువే వచ్చిందని, రాజు తన పెద్దకొడుకును మడుగులో వదిలితే వాన కురిసిందని అందులో ఉంది. ఆకు అయిపోయింది. అభ్రకేతుడు చెయ్యి చాపి ఆకు తీసేసుకున్నాడు. ఇచ్చేసింది. తరవాతి ఆకు తిప్పలేదు. ఎవరూ తిప్పమనలేదు కాబట్టి తిప్పలేదు. ఆ చదువుతో మిహిరసేనుడి చావు ఖాయమైపోయింది.

రెండు రోజులకు ఆమెకు ఒక మాట తట్టింది. ఆ ఆకులో దేవుడి పేరు గంభీరేశ్వరుడు. ఏడు కట్టల జలగాథలో ఆ పేరు ఇంకెక్కడా లేదు. మిగతా అంతటా నీటితల్లి, ఒక్క నీటితల్లే. ఆ సంగతి అడగబోతే అభ్రకేతుడు ఆమె గంటం విరిచి, గ్రంథకోట గడప తొక్కితే తల తీయమని ఆజ్ఞ ఇచ్చాడు. రాజవంశపు నెత్తురు మడుగులో కలిసిన రోజున అతనికి వెయ్యేళ్ల ఆయువు సిద్ధిస్తుందని అతని శిష్యులే గుసగుసలాడుతున్నారు.

అందుకని చెంగల్వ ఇప్పుడు గడ్డంతో వచ్చింది.

కింది అంతస్తులో పనివాళ్లు ఆకులు పరిచి నూనె రాస్తున్నారు. నాలుగో కట్ట అక్కడ లేదు. పై గదికి పోయే మెట్లకు తాళం, తాళానికి అభ్రకేతుడి ముద్ర. చెంగల్వ కుండ దించి, వెనక వాకిలి నుంచి బయటి వసారాలోకి వెళ్లింది. కోటను మోస్తున్న రాతి స్తంభాలు తాటిమాను లావున గుండ్రంగా నిటారుగా పైకి పోయాయి. ఆమె నడుముకు చుట్టిన తాడు విప్పింది. అది తండ్రి తాటిచెట్లు ఎక్కే మోకు. స్తంభం చుట్టూ తిప్పి, నడుముకు తగిలించుకుని, పాదాలకు పట్టు కోసం బందం వేసుకుని పైకి పాకింది. కింద నేల చిన్నదైపోయింది. దూరంగా నగరం వాకిట్లో డప్పులు మొదలయ్యాయి. ఊరేగింపు బయలుదేరింది.

కిటికీలోంచి లోపలికి దూకి, మోకును కిటికీ కమ్మీకి ముడేసి, గది నడుమ కొయ్యపీట మీద ఉన్న కట్టను చూసి నిలిచిపోయింది.

కట్ట చుట్టూ చుట్టుకుని పడుకుని ఉంది కంచు నాగు. మనిషి తొడంత లావు. పొలుసు పొలుసుకూ ఒక మంత్రాక్షరం. పీట కింద ఎముకలు రెండు మూడు పడి ఉన్నాయి. ఆ నాగు మాట వింటే లేస్తుందని, కాలి చప్పుడుకు, గాలికి లేవదని లేఖకులకు అందరికీ తెలుసు. మనిషి గొంతే దానికి మేలుకొలుపు, ఎండ తగిలితే దాని మంత్రం చల్లారుతుంది. నీలహ్రద రాజ్యంలో చదవడం అంటే పైకి చదవడమే. పండితుడైనా పసివాడైనా గొంతు లేకుండా అక్షరం పట్టుకోలేడు. చదవకుండా కట్ట విప్పేవాడు ఉండడు, చదివితే బతికేవాడు ఉండడు. అభ్రకేతుడు ఆ లెక్క చూసుకునే దాన్ని అక్కడ పెట్టాడు.

చెట్టు మీద చదువుకున్నవాళ్లు అతని లెక్కలో లేరు.

చెంగల్వ ఊపిరి బిగబట్టి నాగు చుట్టల మధ్య చేతులు పెట్టి కట్టను పైకి తీసింది. కంచు చల్లగా మోచేతులకు తగిలింది. చెక్కలు విప్పి, తాడు మీద ఆకులు జరిపింది. నలభై ఒకటి. పెదవులు మూసుకుని చదివింది. కరువు, జనం వలస, రాజు బాధ. ఆకు చివరి వాక్యం: "నీళ్లు మూడు మెట్లు దిగాయి, రాజు కొడుకుతో ఒడ్డున కూర్చున్నాడు." నలభై రెండు ఆమెకు తెలిసిందే. నలభై మూడు తిప్పింది.

మొదటి వాక్యం: "నీళ్లు మూడు మెట్లు దిగాయి, రాజు కొడుకుతో ఒడ్డున కూర్చున్నాడు."

అదే వాక్యం. ఆమె వేళ్లు ఆగిపోయాయి. లేఖకుల పనిలో దీనికి ముడి అని పేరు. ఉన్న కథలో కొత్త కథ చేర్చవలసి వస్తే, ఎక్కడ ఆపారో ఆ వాక్యాన్నే చేర్పు అయ్యాక మళ్లీ ఒకసారి రాసి పాత దారం అందుకుంటారు, తెగిన నూలుకు నేతగాడు ముడి వేసినట్టు. లేఖకులు గంటం పట్టిన రోజున చేసే ప్రమాణం ఒకటుంది. చేర్చితే చేరుస్తాను గాని ఉన్నది ఒక్క మాటా తీసివేయను. ఎంతటి రాజు చెప్పినా తీసివేయరు. అంటే నలభై రెండో ఆకు రాసినవాడు కూడా తీసివేసి ఉండడు. తరవాతి పాత కథ ఇక్కడే ఉండాలి.

ఉంది. "అప్పుడు నీటితల్లి జాలిపడింది. మబ్బు పట్టింది. రాజు లేచాడు. పెద్దకొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు. దారిలో ఈతపళ్లు ఏరుకుని తిన్నాడు."

"బతికే ఉన్నాడు" అంది చెంగల్వ.

అన్నాక గాని అన్నట్టు తెలియలేదు. కంచు కరకరమంది. నాగు పడగ దూలాల దాకా లేచింది. కళ్ల స్థానంలో రెండు నిప్పుకణికలు విచ్చుకున్నాయి. ఆమె కట్టను వీపుకు కట్టుకుని కిటికీ వైపు ఒక్క గెంతు గెంతింది. పీట ముక్కలైంది. నాగు కాటు గోడ మీద పడి రాయి చిట్లింది. మోకు పట్టుకుని బయటికి వేలాడింది, అరచేతులు కాలిపోతుండగా జారింది. తల పైన పడగ కిటికీలోంచి బయటికి వచ్చి మోకును కొరికింది. అదే క్షణాన దాని మీద ఎండ పడింది. మంత్రం చల్లారి నాగు నోరు తెరిచినది తెరిచినట్టే కంచు ముద్దై కిటికీలో బిగుసుకుపోయింది.

మోకు మాత్రం తెగింది.

కింద ఊరేగింపు పోతోంది. తెల్ల పట్టు పందిరి నాలుగు కర్రల మీద కదులుతోంది. చెంగల్వ దాని నడిమధ్యన పడింది. పట్టు పర్రున చిరిగి, కర్రలు విరిగి, డప్పులు ఆగి, ఆమె లేచి చూసేసరికి ఎదురుగా చేతులకు వెండి గొలుసులు వేసుకుని మిహిరసేనుడు నిలబడి ఉన్నాడు. గడ్డం ఒక చెవికి వేలాడుతోంది.

"ఆకాశం నుంచి వాన పడుతుందనుకున్నాం. లేఖకురాలు పడింది" అన్నాడు యువరాజు.

నవ్వడానికి వ్యవధి లేకపోయింది. అభ్రకేతుడు ఆమె వీపు మీద కట్టను చూశాడు. బూడిదరంగు శాలువా, మోకాళ్ల దాకా జడలు, రెప్ప వేయని కళ్లు. గ్రంథచోరిణిని అక్కడికక్కడే నరకమని అతి మెల్లగా ఆజ్ఞాపించాడు. నాలుగు కత్తులు ఒరల్లోంచి వచ్చాయి.

చెంగల్వ కదలకుండా నిలబడి, కొలువులో చదివేటప్పుడు నిలబడే తీరుగా చేతులు కట్టుకుంది.

"మహారాజా, పది రోజుల కిందట తమరు చదవమన్న పాఠం ఇంకా ముగియలేదు. నేను స్వస్తి చెప్పలేదు."

కత్తులు గాలిలో ఆగాయి. ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉంది. కొలువులో మొదలైన జలగాథ పఠనం, చదివేవారు స్వస్తి అనేదాకా నడుస్తున్నట్టే లెక్క. ఆ మధ్యలో చదివేవారి మీద చెయ్యి వేయకూడదు, గొంతు వినబడుతున్నంతసేపు రాజైనా కూర్చోకూడదు. చిత్రభాను మహారాజు గ్రంథపాలుడు సోమిదేవుడి వంక చూశాడు. ఎనభై ఏళ్ల సోమిదేవుడు కర్ర ఊతంతో ముందుకు వచ్చి, ఆ రోజు తాను అక్కడే ఉన్నానని, స్వస్తి మాట వినలేదని, తన చెవులు ఇంకా బాగానే పని చేస్తున్నాయని చెప్పాడు. రాజు పల్లకీ దిగి నిలబడ్డాడు. రాజు నిలబడితే ఊరంతా నిలబడింది.

చెంగల్వ కట్ట విప్పి నలభై ఒకటో ఆకు నుంచి చదివింది. ఈసారి గొంతెత్తి, మడుగు అవతలి గట్టుకు వినబడేటట్టు. నలభై రెండు దాటి, నలభై మూడులో ఈతపళ్ల దగ్గరికి వచ్చేసరికి జనంలో కలకలం బయలుదేరింది. నీళ్లలో వదిలిన కొడుకు ఈతపళ్లు ఎలా తిన్నాడని ఆడవాళ్లు ఒకరినొకరు అడుగుతున్నారు.

అభ్రకేతుడు నవ్వాడు. రాజు భక్తికి మెచ్చి దేవుడు కొడుకును బతికించి ఇచ్చాడని, అది కూడా తెలియని పిల్లకు గాథ ఎందుకని అన్నాడు. మాట ఒకటికి రెండుసార్లు వచ్చిందంటే అది నొక్కి చెప్పడమేనన్నాడు.

"బతికించి ఇస్తే ఆ మాట ఏ ఆకులో ఉంది స్వామీ?" అంది చెంగల్వ. "కొడుకు చచ్చి బతికొస్తే, ఆ సంగతి వదిలేసి ఈతపళ్ల సంగతి రాసేవాడు ఉంటాడా?"

తరవాత ఆమె ఒక్కొక్కటే విప్పి చెప్పింది. ముడి సంగతి చెప్పింది. ఏడు కట్టల్లో ఒక్క ఆకులోనే మారిన దేవుడి పేరు చెప్పింది. ఆ ఆకులో తొలి రాజు కొడుకును ఏనుగుల వాకిలి గుండా తీసుకుపోయాడని ఉన్నది చదివి, ఆ వాకిలి ఎప్పటిదో ఇక్కడ ఎవరికైనా తెలుసా అని అడిగింది.

జనం వెనక నుంచి ఒక ముసలి రాతిపనివాడు చెయ్యెత్తాడు. "నాకు తెలుసు తల్లీ. మా తాత కట్టాడు దాన్ని. ఎడమ ఏనుగు తొండం వంకర పోయిందని చచ్చేదాకా ఏడ్చేవాడు."

తొలి రాజు గతించి ఏడువందల ఏళ్లు. వాకిలి వయసు ఎనభై. చిత్రభాను మహారాజు తల తిప్పి అభ్రకేతుడి వంక చూశాడు.

అయినా అభ్రకేతుడు తడబడలేదు. పాత పేరున్న వాకిలిని ఎవడో లేఖకుడు జనానికి తెలియాలని కొత్త పేరుతో రాసి ఉంటాడని, అంతమాత్రాన కథ అబద్ధం కాదని అన్నాడు. ఆ పైన గొంతు తగ్గించి అడిగాడు.

"పోనీ, ఒక మాట చెప్పు తాళ్లపిల్లా. నీ గాథ మీద ఒట్టు. ఈ ఆకు చేర్చిందేనని కళ్లతో చూసినట్టు చెప్పగలవా?"

ఔననడానికి ఒక్క మాట చాలు. యువరాజు గొలుసులు అక్కడే తెగిపోతాయి. చెంగల్వ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.

"చెప్పలేను. అన్ని గుర్తులూ అటే చూపిస్తున్నాయి. కానీ చూడలేదు. ఆ ఆకు లేని పాత ప్రతి ఒకటి చూస్తే చెబుతాను. ఇంకో మాట. అది రాసినవాడు దొంగ అని కూడా నేననను. ఎనభై ఏళ్ల కిందట ఇలాంటి కరువే వచ్చి ఉంటుంది. భయపడ్డవాడెవడో రాసి ఉంటాడు. ఇవాళ దాన్ని చేత్తో తీసి ఇచ్చినవాడి సంగతి వేరు."

జనం ఉస్సురన్నారు. అభ్రకేతుడి ముఖం వెలిగింది. సోమిదేవుడు మాత్రం కర్ర నేలకు తాటించి తన తీర్పు చెప్పాడు. రెండువందల ఏళ్ల కిందట రాజుతో తగవుపడి వెండికొండలు ఎక్కిపోయిన గండివాళ్లు తమ జలగాథ తాము పట్టుకుపోయారు. అప్పటి నుంచి ఆ ప్రతిని ఈ ఊరి లేఖకుడు తాకలేదు. అందులో ఈ నలభై రెండో ఆకు కథ ఉంటే యువరాజు మడుగులోకి దిగాలి. లేకపోతే గొలుసులు తీయాలి. పఠనం ముగియలేదు కనుక మూడో రోజు మధ్యాహ్నం దాకా గడువు. అప్పటికి ఆమె రాకపోతే, చదువు మానుకున్నట్టే లెక్క.

గండివాళ్లు శంఖపురం మనుషులను చూస్తే బాణం వేస్తారని ఎవరో గొణిగారు.

యువరాజు గొలుసు చేతులతోనే ఊరేగింపులో వస్తున్న తన గుర్రం కళ్లెం ఆమెకు అందించాడు.

"నువ్వు చదివిన ఆకుకు చావడానికి సిద్ధపడ్డాను. ఇంకో ఆకు చదువుకుని వస్తే బతకడానికీ నాకు అభ్యంతరం లేదు."

"ప్రభూ, నాకు గుర్రం ఎక్కడం రాదు."

"చెట్టు అనుకో. కదిలే చెట్టు."

ఆమె ఎక్కింది. అభ్రకేతుడు గడువు తీరేదాకా ధ్యానంలో ఉంటానని చెప్పి తన గుడారంలోకి పోయి తెర దించుకున్నాడు. ఆ వెంటనే గుడారం కొప్పులోంచి బూడిదరంగు గద్ద ఒకటి పైకి లేచింది. మడుగు మీద ఒక చుట్టు తిరిగి, తూర్పుగా, సూటిగా వెండికొండల వైపు సాగింది. దాన్ని చూసింది ఇద్దరే. మిహిరసేనుడు ఆమె కళ్లలోకి చూసి, గుర్రం డొక్క మీద గొలుసులతో ఒక్కటి చరిచాడు.

ఆ పరుగు మాటలకు అందేది కాదు. ఎర్రమట్టి సుడిగాలి లేచి దారి మూసేస్తే, చెంగల్వ తలపాగా గుర్రం కళ్లకు కట్టి తాను దిగి నడిపించింది. ఎండిన వెదురుపొదలు వాటంతటవే అంటుకుని రెండు పక్కలా మండుతుంటే మంట నడుమ దూసుకుపోయింది. గద్ద నీడ పడిన చోటల్లా ఏదో ఒక ఆపద కాచుకుని ఉంది. ఇసుకవాగులో గుర్రం కూరుకుపోతే, గట్టున ఉన్న ఈతచెట్టుకు తెగిన మోకు ముక్క వేసి లాగి బయట పడేసింది. మరునాటి పొద్దున వెండికొండల అంచుకు చేరేసరికి ఆమె మోకాళ్లు నెత్తురు ఓడుతున్నాయి. గుర్రాన్ని నీటిచెలమ దగ్గర వదిలి కాలినడకన ఎక్కింది.

వెండికొండలు పేరుకు తగ్గవే. అభ్రకం పొరలు ఎండకు తళతళ మెరుస్తున్నాయి. మబ్బు తునకలు చెట్ల కొమ్మలకు చిక్కుకుని వేలాడుతున్నాయి. రెండు శిఖరాల మధ్య అడుగు కనబడని గండి, గండి మీద తీగల వంతెన, వంతెన అవతల కొండను తొలిచిన గుహ. గుహ ముందు రాతి మీద ఒక అవ్వ విల్లు ఒళ్లో పెట్టుకుని తాపీగా తమలపాకు నములుతోంది. గండివాళ్లకు కాపలా ఆడవాళ్లదే, అందులో పెద్దవాళ్లది.

చెంగల్వ వంతెన దాటి, ఇరవై అడుగుల దూరంలో ఆగి, చేతులు రెండూ కనబడేటట్టు చాపింది. శంఖపురం నుంచి వస్తున్నానని, దండెత్తడానికి కాదని, జలగాథ నాలుగో కట్టలో మూడు ఆకులు చదువుకుని పోతానని, ఒక మనిషి ప్రాణం దాని మీద ఉందని చెప్పింది. పేరు చెంగల్వ అంది.

అవ్వ నమలడం ఆపింది.

"ఇప్పుడే కదే లోపలికి పోయావు?"

చెంగల్వ వెనక్కి తిరిగి వంతెన వైపు చూసింది.

"శంఖపురం నుంచి చెంగల్వ అనే పిల్ల తెల్లారగానే వచ్చింది. ఇవే మాటలు చెప్పింది. ఒక మనిషి ప్రాణం మీదకొచ్చింది అవ్వా అంటే నాకే గుండె కరిగి కట్ట తీసిచ్చాను. రెండువందల ఏళ్లలో మీవాళ్లకి ఇవ్వడం అదే మొదలు. లోపల విప్పుకుంటోంది. మరి నువ్వెవరివి?"

గుహలోంచి గొంతు వినబడుతోంది. చెంగల్వ గొంతే. నలభై, నలభై ఒకటి అని ఆకులు లెక్కపెడుతోంది. ఆ లెక్క ఆగిపోయింది. నలభై ఒకటి తరవాత ఏమీ వినబడలేదు.

అవ్వ లేచి బాణం సంధించింది. గుహ వాకిట్లోకి ఒక మనిషి వచ్చి నిలబడింది. అదే ముఖం, అదే చిరిగిన పంచె, అవే కమిలిన అరచేతులు, మోకాళ్ల మీద అదే నెత్తురు. చంకలో రెండువందల ఏళ్ల నల్లటి తాటాకు కట్ట. ఆమె చెంగల్వను చూసి భయపడినట్టు అవ్వ వెనక్కి జరిగి, "ఆ మాంత్రికుడు నా రూపంలో వచ్చాడు, కొట్టు అవ్వా" అంది. చెంగల్వ అనవలసిన మాట అదే. ఆమె గొంతులోనే అంది. ఇప్పుడు చెంగల్వ ఏమన్నా రెండోసారి అన్నట్టే ఉంటుంది.

బాణం మొన ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి తిరుగుతోంది. అవ్వ చేతులు ముసలివైనా వణకడం లేదు.

నేనే నిజమని చెంగల్వ అనలేదు. అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇద్దరినీ కట్టెయ్ అవ్వా. మాలో ఎవరు ఎవరో నువ్వు నిదానంగా తేల్చుకో, నాకు తొందర లేదు. కానీ ముందు ఆ కట్ట ఆమె దగ్గర్నుంచి తీసుకో. అది నీ దగ్గర ఉంటే చాలు. చదవడానికి నేనే అక్కర్లేదు, మీవాళ్లు ఎవరు చదివినా యువరాజు బతుకుతాడు."

బాణం మొన మెల్లగా అవతలి చెంగల్వ వైపు తిరిగి అక్కడ నిలిచింది.

"కట్ట ఇటు ఇవ్వు పిల్లా."

అవతలి చెంగల్వ నవ్వింది. ఆ నవ్వు మాత్రం చెంగల్వది కాదు. ఆమె రెండడుగులు పక్కకు వేసి గండి అంచున నిలబడింది. చంకలోంచి కట్ట తీసి, అడుగు కనబడని ఆ లోతు మీదికి చెయ్యి చాపి, తాడు ఒక్క వేలికి తగిలించి వేలాడదీసింది. తాటాకులు గాలికి గలగలలాడాయి.

"బాణం దింపు ముసలిదానా" అంది అభ్రకేతుడి గొంతుతో. "నువ్వు వదిలితే నేనూ వదులుతాను."

అవ్వ దింపలేదు. అతని కళ్లు విల్లు మీద ఉన్నాయి. మోకాళ్ల మీద ఉన్న చెంగల్వ అరచేతులు నేలకు ఆన్చి, అంచుకు ఎన్ని అడుగులో చూసుకుంది. ఏడు. తాడు అతని వేలి మీద అంగుళం జారింది.

ఆమె లేచి కట్ట కోసం గండిలోకి దూకింది.